తడి తగలని నుదురు

"పంచదార వేశావా?" అని అడిగారు మాస్టారు.

జవాబు రాలేదు. కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడొక్కటే వినిపించింది. ప్రయోగం చెయ్యనిదే నిర్ధారణకు రాకూడదని జీవితమంతా పిల్లలకు చెప్పిన మనిషి కాబట్టి ఆయన ఒక గుక్క తాగారు. పంచదార లేదని నిర్ధారించుకున్నారు. మిగతా టీ మారుమాటాడకుండా తాగేశారు.

నిన్న సాయంత్రం గుడి ఆఫీసులో, ఆదివారం మనవడికి జరగాల్సిన తంతు గురించి మాట్లాడుతుండగా మాస్టారు బయటపెట్టిన నిజంతో మొదలైన మౌనం ఇది. నలుగురూ కలిసే ఇంటికి వచ్చారు, కలిసే చెప్పులు విడిచారు. ఆ తరువాత కూతురు పిచ్చుక పసివాణ్ణి ఎత్తుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అల్లుడు ఆ తలుపు దగ్గరికీ వంటగదికీ మధ్య తిరిగాడు. మాస్టారి భార్య ఇంట్లో ఎవరితోనూ ఒక్క మాట కూడా అనకుండా ఉన్న గిన్నెలన్నీ తోమింది. తోమినవి కూడా తోమింది.

ఇప్పుడావిడ బల్లకు అవతల కూర్చుని ఆదివారం గుడిలో చదవాల్సిన బైబిలు పఠనం చూసుకుంటోంది. ఆ విచారణలో, అంటే ఆ గుడి పరిధిలో, పిల్లలకు సత్యోపదేశం చెప్పేది ఆవిడే, పూజలో మొదటి పఠనం చదివేదీ ఎక్కువగా ఆవిడే. చిన్నా పెద్దా అందరూ టీచరమ్మ అంటారు. వారమంతా ఉదయంపూట ఆ భాగాన్ని వంటగదిలో పైకి చదివి గొంతు సరిచేసుకోవడం ఆవిడ అలవాటు. ఎదురుగా కూర్చుని, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ మాట మింగేస్తోందో చెప్పడం గుడి మెట్టెక్కని మాస్టారి అలవాటు. దేవుడి మీద నమ్మకం లేకపోయినా ఉచ్చారణ మీద ఆయనకు అపారమైన నమ్మకం.

ఈ ఉదయం ఆవిడ పెదవులు మాత్రమే కదులుతున్నాయి.

"పైకి చదవవా ఇవాళ?"

"వినడానికి ఎవరున్నారు?"

"నేను లేనూ?"

"మీరు వింటారు. వినడంలో మీకు సాటి లేదు."

ఆయన మెడ చాచి పుస్తకంలోకి తొంగిచూశారు. "ఓహో, ఆ కుష్ఠురోగి సేనాధిపతి కథ. ఏటిలో దిగి మునగవయ్యా అంటే, మా దేశంలో నదులు లేవా అని రుసరుసలాడతాడు. నాకు నచ్చిన పాత్ర. సరైన ప్రశ్నే వేశాడు."

"ఆ తరవాత ఏం చేశాడో కూడా గుర్తుందా?"

"దిగాడు."

"పనివాళ్ళు బతిమాలితే దిగాడు. నమ్మి కాదు, వాళ్ళ మాట తీసెయ్యలేక." టీచరమ్మ పుస్తకం మూసింది. "ఆపాటి పని మీవల్ల కాలేదు."

మాస్టారు ఖాళీ కప్పును సాసరులో అటూ ఇటూ తిప్పారు.

"చూడు, నెలలు నిండని పిల్లవాడు. ఒంట్లో వేడి నిలుపుకునే శక్తి లేదు. తడి ఆరుతూ ఆరుతూ ఒంటి వేడిని పట్టుకుపోతుంది. అది నా అభిప్రాయం కాదు, ప్రకృతి ధర్మం. అంత చిన్న ప్రాణంతో నేను పందెం కాయలేకపోయాను."

"మీ ప్రకృతి ధర్మంతో నాకేం పేచీ లేదండీ. జ్ఞానస్నానం నీళ్ళు పొయ్యలేకపోయానని బయటికొచ్చి చెప్పుంటే తిట్టేదాన్నో, కాళ్ళు పట్టుకునేదాన్నో, ఏదో ఒకటి చేసేదాన్ని. మీరు 'అయింది' అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్నాళ్ళూ ఈ ఇల్లు నిలబడింది."

"ఆ మాట వినకపోతే పిచ్చుక ఆ రోజు తట్టుకునేదా?"

"అది తట్టుకునేదో లేదో మీరెవరండీ తేల్చడానికి!"

గొంతు పెరిగింది. మూసిన తలుపు వైపు చూసి ఇద్దరూ తగ్గారు.

"నమ్మనివాళ్ళు పోసినా చెల్లుతుందని చెప్పి ఆసుపత్రిలో పసిపిల్లల గదిలోకి పంపింది నేనే," అందావిడ మెల్లగా. "నాకు జలుబని రానివ్వలేదు. అల్లుడు రక్తం కోసం పరిగెత్తాడు. ఫాదర్ గారు వచ్చేదాకా ఆగే వ్యవధి లేదు. నీళ్ళుండాలి, ఆ మాటలుండాలి, అది చెయ్యాలన్న మనసుండాలి, ఇంకేం అక్కర్లేదన్నాను. మీరు దేవుణ్ణి నమ్మాలని కూడా అనలేదు. నేను మిమ్మల్ని నమ్మాను, అదొక్కటే."

మాస్టారు లేచారు. బాల్చీలో పసివాడి గుడ్డలు ఉతికి సిద్ధంగా ఉన్నాయి. వాటిని ఆరెయ్యడం మనవడు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన నాటినుంచి ఆయన వంతు. బాల్చీ ఎత్తుకుని వసారాలోకి నడిచారు. వాదన ఓడిపోతున్నప్పుడు చేతికి పని చెప్పుకోవడం అనుభవజ్ఞుల లక్షణం.

ఆయన అటు వెళ్ళగానే అల్లుడు ఇటు వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. రెంచీలూ వైర్లూ ఉన్న సంచీ భుజాన ఉంది గానీ, పనికి వెళ్ళే ముఖం కాదు.

"పిచ్చుక తిందా?" అంది టీచరమ్మ.

"రెండు బ్రెడ్డు ముక్కలిచ్చానత్తయ్యా. ఒకటి నాకు తినిపించి, రెండోది పళ్ళెంలో వదిలేసింది." అతను సంచీ దించి స్టూలు మీద కూలబడ్డాడు. "అంతస్తుల మధ్య ఇరుక్కున్నవాళ్ళని రోజూ బయటికి తీస్తాను. లోపలివాళ్ళు తలుపు కొడతారు, అరుస్తారు, మీద పడి తిడతారు. అది నయం. చప్పుడు చెయ్యకుండా కూర్చున్నవాళ్ళని చూస్తేనే నాకు భయం."

"ఏమన్నా అందా?"

"సమాధుల దగ్గరికి తీసుకెళ్ళమంది. పచ్చి బాలింతవి, ఇప్పుడేంటి, ఆదివారం పూజయ్యాక అందరం కలిసి వెళ్దామన్నాను. 'వెళ్ళి దానికేం చెప్పను?' అంది. ఇంకేం మాట్లాడలేదు."

టీచరమ్మ కళ్ళు మూసుకుంది.

"అత్తయ్యా, బఠాణీ గురించి కాదు ఈ బాధంతా. వాడికి ఆదివారం ఫాదర్ గారు పోస్తారు, దాంతో సరి. కానీ పాప..." అతను గొంతు సవరించుకున్నాడు. "వీడికి పొయ్యనాయన దానికి మాత్రం పోసుంటాడా? ఆ ప్రశ్న పిచ్చుక గొంతులో అడ్డం పడింది. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని అడగలేకపోతోంది. నేనూ అడగలేను. మీరు అడగండి."

"నేనా?" అందావిడ. నీళ్ళు కారని కుళాయిని మరింత గట్టిగా బిగించింది. "రాత్రి నుంచి అదే ప్రయత్నంలో ఉన్నాను, నాయనా. నోరు తెరిస్తే తిట్లే వస్తున్నాయి."

కవలలు. ఆడపిల్ల ముందు, మగపిల్లవాడు వెనక. గ్లాసు పెట్టెల్లో పక్కపక్కన పడుకోబెట్టారు. అరచేతిలో ఇమిడేటట్టున్న మగపిల్లవాడికి తండ్రే బఠాణీ అని పేరు పెట్టాడు. ఆడపిల్లకు ముద్దుపేరు పెట్టే వ్యవధి దొరకలేదు. అది ఆ రోజు దాటలేదు. తల్లి మత్తు పూర్తిగా దిగేసరికి బట్టలో చుట్టి తెచ్చి చూపించారు. జ్ఞానస్నానం పొందిన బిడ్డ అన్న మాటను ఒడిలో పెట్టుకుని ఆ తల్లి ఏడ్చింది, తరువాత తేరుకుంది, తరువాత బఠాణీకి పాలివ్వడం మొదలుపెట్టింది. ఆ వరుసలో మొదటిది కదిలితే తక్కినవి ఏమవుతాయో ఎవరికీ తెలియదు.

ఈ సంగతులన్నీ వసారాలో క్లిప్పులు పెడుతున్న మనిషికి తెలుసు, ఆ వరుస ఇప్పుడు కదిలిందన్నది తప్ప. తాను అబద్ధమాడినందుకే ఇంటిల్లిపాదీ అలిగారని ఆయన అనుకుంటున్నారు.

గేటు దగ్గర స్కూటరు ఆగింది. హెల్మెట్ తీసి చంకన పెట్టుకుని విచారణ గురువు ఫాదర్ గారు మెట్లెక్కారు. ఒకప్పుడు ఈ మాస్టారి క్లాసులోనే చివరి బెంచీ మీద కూర్చున్నవారు.

"రావయ్యా ఫాదరూ. పదార్థం స్థితులు ఎన్ని?"

"మూడు, మాస్టారూ."

"ప్లాస్మాని మళ్ళీ వదిలేశావు. నిన్ను పాస్ చేసి తప్పు చేశాను."

"మీరు పాస్ చెయ్యలేదు. అత్తెసరు మార్కులకి ఇంకో మూడు తగ్గాయి. హెడ్మాస్టరుగారు దయ తలిచారు." ఫాదర్ గారు బాల్చీలోంచి ఒక గుడ్డ తీసి దులిపి తీగ మీద వేశారు. "దయ అనే సబ్జెక్టు మీద నమ్మకం అప్పుడే కుదిరింది."

మాస్టారు నవ్వారు. నిన్నటి నుంచి ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. వంటగది కిటికీలోంచి టీచరమ్మ ఒకసారి చూసి తల తిప్పుకుంది.

"నన్ను తిట్టడానికి వచ్చావా?"

"మిమ్మల్నా? నిన్న మీరు నోరు విప్పకపోతే ఆదివారం నేను నూనె రాసి, తెల్లబట్ట కప్పి, కొవ్వొత్తి వెలిగించి, నీళ్ళు మాత్రం పొయ్యకుండా పంపేసేవాణ్ణి. ఒకసారి పొందిన జ్ఞానస్నానం మళ్ళీ ఇవ్వం కదా. మీకు నమ్మకం లేని విషయంలో మా నమ్మకం పాడుకాకూడదని చెప్పారు. అలా చెప్పేవాళ్ళు గుడి లోపల కూడా ఎక్కువమంది లేరు."

"పొగడ్త తరవాత 'కానీ' వస్తుంది. చెప్పు."

ఫాదర్ గారు క్లిప్పు పెట్టడం ఆపారు.

"లోపల మీ అమ్మాయి ఎందుకలా ఉందనుకుంటున్నారు?"

"అబద్ధం చెప్పానని. దానికి నేనే నేర్పాను, నిజం ఎంత చేదైనా మింగాలని. నేనే పంచదార కలిపాను. కోపం న్యాయమే."

"కోపం కాదు మాస్టారూ. ఆవిడ ఇప్పుడు బఠాణీ గురించి ఆలోచించడం లేదు."

మాస్టారికి అప్పటికీ అందలేదు. తెలివైనవాళ్ళకు కొన్ని విషయాలు ఆలస్యంగానే అందుతాయి. దారిలో వాళ్ళు అడ్డం పెట్టుకున్న తెలివిని దాటుకుని రావాలి కదా.

"నిన్న రాత్రి మీ ఇంటావిడ ఫోన్ చేసి ఏడ్చారు," అన్నారు ఫాదర్ గారు. "దేవుడు నీళ్ళతో తన చేతులు తాను కట్టేసుకోలేదమ్మా, తల్లి కోరుకున్న కోరికని వృథా పోనివ్వడు, పాప ఆయన దగ్గరే ఉందని చెప్పాను. విన్నారు. 'నాకు తెలుసు ఫాదర్, నేనే పిల్లలకి చెప్తాను' అన్నారు. అని మళ్ళీ ఏడ్చారు."

"నీళ్ళు లేకపోయినా పర్వాలేనప్పుడు నీళ్ళెందుకు?" అని అడిగారు మాస్టారు. అలవాటు చొప్పున వచ్చిన ప్రశ్నే, ఎత్తిపొడుపు లేదు.

"ముద్దు పెట్టకపోయినా తల్లికి ప్రేమ ఉంటుంది. అయినా పెడుతుంది. పెట్టనివ్వకపోతే పిచ్చెత్తిపోతుంది."

మాస్టారు తీగ మీది చిన్న గుడ్డల వరుసను చూశారు. అప్పుడు అందింది.

"పాపకి కూడా పొయ్యలేదనుకుంటున్నారా?"

"మరి?"

"పాపకి పోశాను!" ఆయన చేతిలోని క్లిప్పులు నేల మీద చెల్లాచెదురయ్యాయి. "నిన్న నేను వీడి మాటే కదయ్యా చెప్పాను? పాపకి పోశాను. నా చేత్తో పోశాను."

ఫాదర్ గారు ఆయన ముఖంలోకి చూశారు. తరువాత వంగి క్లిప్పులు ఏరడం మొదలుపెట్టారు.

"నాకు కాదు మాస్టారూ. లోపలికెళ్ళి చెప్పండి."

ఆయన దాదాపు పరుగు తీశారు. చిక్కుముడి ఒక్క వాక్యంతో విడిపోతుంటే ఎవరికైనా అంత తొందరే ఉంటుంది. వంటగది దాటుతూ భార్యతో, అల్లుడితో ఏమీ అనలేదు. తలుపు మీద వేళ్ళతో కొట్టి, జవాబు కోసం ఆగకుండా తోశారు. లోపల గడియ వేసి లేదు. నిన్నటి నుంచీ లేదు. ఆయనే తోసి చూడలేదంతే.

పిచ్చుక మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చిన్నప్పుడు తెల్లవారకముందే మొదలుపెట్టి ఆపకుండా మాట్లాడేది కాబట్టి తండ్రే ఆ పేరు పెట్టాడు. పాలు తాగి నిద్రపోయిన బఠాణీ ఆమె భుజం మీద ఉన్నాడు. తండ్రిని చూసి ఆమె పిల్లవాణ్ణి ఆ భుజం మీది నుంచి ఈ భుజం మీదికి మార్చుకుంది. ఆయనకు దూరంగా ఉన్న భుజం అది.

"అమ్మా, పాపకి పోశాను."

ఆమె కదలలేదు.

"వీడొక్కడికే పొయ్యలేదు. పాపకి నీళ్ళు పోసి, మీ అమ్మ చెప్పిన మాటలన్నీ వరసగా చెప్పాను. తండ్రి పేరు, కుమారుడి పేరు, పవిత్రాత్మ పేరు. ఏదీ వదల్లేదు. నువ్వు..." ఆయన ఆగారు. ఆమె ముఖంలో తాను ఎదురుచూసినది రావడం లేదు.

"నాన్నా, వద్దు."

"ఏం వద్దు?"

"నాకోసం ఇంకోటి చెప్పొద్దు."

"ఇది నిజం!"

"అదీ నిజమనే చెప్పావు." ఆమె గొంతులో కోపం లేదు. అదే ఆయనకు కష్టంగా ఉంది. "మంచం పక్కన నిలబడి, నా నుదుటి మీద చెయ్యేసి, 'అయిందమ్మా, ఇద్దరికీ అయింది' అన్నావు. నీ గొంతు ఇప్పుడెలా ఉందో అప్పుడూ ఇలాగే ఉంది. నేనెలా తెలుసుకోను?"

మాస్టారు కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు.

"నర్సు ఉంది అక్కడ," అన్నారు.

"చూసిందా?"

"వీడి పెట్టె దగ్గర ఏదో ట్యూబు సరిచేస్తోంది. ఇటు తిరగలేదు."

"ఏ నర్సు?"

"పేరడగలేదు. అందరూ మాస్కులు పెట్టుకున్నారు. ఆ రోజు ఎవరికీ ముఖాలు లేవమ్మా, కళ్ళే ఉన్నాయి."

"చూసినవాడు ఒక్కడే. ఆ ఒక్కడికీ అబద్ధం చెప్పే అవసరం ఉంది. ఇంతకుముందు ఒకసారి చెప్పాడు కూడా." పిచ్చుక పిల్లవాడి వీపు నిమురుతూ అంది. "అలాంటి సాక్ష్యం ఏం చెయ్యాలి నాన్నా? నా చిన్నప్పుడు గోడ మీద బొమ్మ కన్నీళ్ళు కార్చిందని పక్కింటావిడ చెప్తే, నువ్వు నన్ను కూర్చోబెట్టి నేర్పావు."

"పక్కన పెట్టాలి," అన్నారు మాస్టారు.

"పక్కన పెట్టాలి."

గుమ్మంలో టీచరమ్మ వచ్చి నిలబడింది. వెనక అల్లుడు. ఇద్దరూ లోపలికి రాలేదు.

ఎన్నో సభల్లో లేచి రుజువడిగిన మనిషి. అద్భుతం చూశామన్నవాళ్ళను ఎవరెవరున్నారు, వెలుతురెంత ఉంది, ఎంత దూరం నుంచి చూశారని నిలదీసిన మనిషి. తన మాట తప్ప మరేమీ చేతిలో లేకుండా ఒకరి ముందు కూర్చోవడం ఎలా ఉంటుందో ఆయనకు ఇంతవరకు తెలియదు. వాళ్ళలో కొందరైనా నిజం చెప్పారేమోనన్న ఆలోచన రావలసిన సమయం కాదది. అయినా వచ్చి పోయింది.

"సరే, ఒకటి చెప్పు," అంది పిచ్చుక ఉన్నట్టుండి. కళ్ళు పిల్లవాడి మీదే ఉన్నాయి. "నీళ్ళు తగిలినప్పుడు అది కళ్ళు తెరిచిందా?"

గుమ్మంలో టీచరమ్మ చెయ్యి తలుపు చెక్కను పట్టుకుంది. అవునంటే చాలు. బిడ్డ ఒక్కసారి కళ్ళు తెరిచి చూసిందంటే ఏ తల్లికైనా బతుకంతా దాచుకోవడానికి అది చాలు. భార్య కళ్ళు అవునని చెప్పమంటున్నాయో వద్దంటున్నాయో మాస్టారికి తెలియలేదు. ఆయన అటు చూడలేదు కూడా.

"లేదమ్మా," అన్నారు. "తెరవలేదు. నుదురు చిట్లించింది. ఇదిగో, ఇక్కడ, కనుబొమల మధ్య. పెదవి కొంచెం వంకర తిప్పింది, ఏడుపు రాబోయేముందు తిప్పినట్టు. ఏడవలేదు. ఏడ్చే ఓపిక లేదు దానికి. అంతే."



పిచ్చుక బఠాణీ నుదురు తడిమింది. "నుదురు చిట్లించిందా," అంది తనలో తాను. తరువాత తల్లి వైపు తిరిగి, "వీడూ అంతే కదమ్మా, తడిగుడ్డ పెడితే," అంది.

"అంతేనమ్మా," అంది టీచరమ్మ. శిలువ గుర్తు వేసుకోబోయి సగంలో ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. అల్లుడు గోడవైపు తిరిగి, పనిచెయ్యని స్విచ్చు ఒకదాన్ని పరీక్షగా చూడసాగాడు.

లేదన్న ఆ ఒక్క మాటతో ఆయన మాట నిలబడింది. మాస్టారికి ఆ సంగతి అర్థమై గుండె తేలికపడింది. అది ఎంతోసేపు నిలవలేదు.

"నాన్నా."

"ఊఁ."

"నీళ్ళు తగిలితే చల్లబడిపోతారని వీడికి పొయ్యలేదు. మరి అది వీడికన్నా చిన్నది. దానికెలా పోశావు?"

గుమ్మంలో ఉన్నవాళ్ళకు ఆ ప్రశ్న తట్టలేదు. ఫాదర్ గారికి తట్టి ఉంటుంది. అందుకే ఆయన వసారాలోనే ఉండిపోయి, ఆరేసిన గుడ్డలనే మళ్ళీ మళ్ళీ సర్దుతున్నారు.

ఏదో ఒకటి చెప్పవచ్చు. మొదట పాపకు పోశాను, వణికింది, అందుకే వీడికి భయపడ్డాను అనవచ్చు. నమ్మదగిన వాక్యమే, ఎవరినీ నొప్పించని వాక్యం కూడా. ఆ వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది. మాస్టారు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నారు.

"దానికి ఇక నీళ్ళ వల్ల జరిగే నష్టం ఏమీ లేదని తెలుసు," అన్నారు.

పిచ్చుక ఆయన వైపే చూస్తోంది.

"నేను లోపలికెళ్ళేముందే డాక్టరు గుమ్మం దగ్గర ఆపి చెప్పాడు. పిల్లవాడి మీద ఆశ ఉంది, పాప మీద లేదు, ఇంకాసేపే అన్నాడు. అందుకే దానికి పోశాను. అరచేతిలో నీళ్ళు కాసేపు పట్టుకుని, వెచ్చబడ్డాక పోశాను. చల్లగా తగలకూడదని. నష్టం లేదని తెలిసి కూడా ఎందుకలా చేశానో నాకు తెలియదు."

"అంటే నా దగ్గరికి వచ్చి 'అయింది' అన్నప్పుడు..."

"తెలుసు."

"'ఇద్దరూ బాగానే ఉన్నారు, నువ్వు పడుకో' అన్నావు."

"అన్నాను."

"అది అప్పటికింకా ఉంది."

మాస్టారు తల ఊపారు.

"నేను మెలకువగానే ఉన్నాను నాన్నా. మత్తు దిగుతోంది. మంచంతో పాటు తోసుకెళ్ళమంటే తోసుకెళ్ళేవాళ్ళు కాదా? నేను దాన్ని..." మాట తెగిపోయింది. "నాకు తెచ్చిచ్చేసరికి అది చల్లగా ఉంది."

"నీకు చాలా రక్తం పోయింది. కదిలిస్తే నీకేమవుతుందోనని..."

"వద్దన్నారా?"

ఆయన తన చేతుల వైపు చూసుకున్నారు.

"నేను అడగలేదు," అన్నారు మాస్టారు. "అడిగుంటే ఒప్పుకునేవాళ్ళేమో. నాకు తెలీదు. అడగలేదు."

టీచరమ్మ ఒక అడుగు లోపలికి వేసింది. పిచ్చుక చెయ్యి ఎత్తి తల్లిని ఆపింది. ఆ కదలికకు బఠాణీ నిద్రలో మూలిగి, పిడికిలి విప్పి, మళ్ళీ ముడిచాడు. ఆమె వాణ్ణి పక్క మీద పడుకోబెట్టి దుప్పటి సర్దింది. ఏడుస్తోంది గానీ చప్పుడు లేదు. దుప్పటి సర్దడం అయిపోయాక కూడా సర్దుతూనే ఉంది.

చాలాసేపటికి ముఖం తుడుచుకుంది.

"దానికి జ్ఞానస్నానం అయింది," అంది. ఎవరినీ అడుగుతున్నట్టు లేదు.

"అయిందమ్మా," అంది తల్లి.

"దగ్గర మనిషి ఉన్నాడు. ఒక్కతే లేదు."

"లేదు. నేనున్నాను," అన్నారు మాస్టారు. "నిన్ను పడుకోమని మళ్ళీ లోపలికెళ్ళాను, చివరిదాకా ఉన్నాను. వేలు పట్టుకోనిచ్చింది."

పిచ్చుక కళ్ళు మూసుకుని ఆ మాటను లోపలికి తీసుకుంది. కళ్ళు తెరిచినప్పుడు ఆ చూపులో తండ్రికి తెలిసిన మెత్తదనమూ ఉంది, ఆయనకు పరిచయం లేని మరొకటీ ఉంది.

"అమ్మా, మీరిద్దరూ బయటికెళ్ళండి. ఫాదర్ గారికి టీ ఇవ్వండి." ఆమె మంచం మీద కొంచెం పక్కకు జరిగింది. తండ్రి ఆ ఖాళీలోకి రాబోయారు. "అక్కడే కూర్చో నాన్నా. కుర్చీలోనే."

ఆయన కూర్చున్నారు.

"మొదట్నుంచి చెప్పు. ఏ తలుపులోంచి వెళ్ళావో, దానికి పైన ఏం కప్పారో, ఏ చేత్తో పోశావో, అన్నీ చెప్పు. నేను బాధపడతానని ఒక్కటి కూడా మింగొద్దు. అంతా విన్నాక ఆదివారం నువ్వు గుడికి రావాలో వద్దో నేను చెప్తాను."

గుడి గడప దాటమని భార్య ఏళ్ళ తరబడి బతిమాలితే నవ్వి ఊరుకున్న మనిషి. ఇప్పుడు రావద్దంటారేమోనని ఆయన అరచేతులకు చెమట పట్టింది.

"ఆ గదిలో వెలుతురు మరీ ఎక్కువమ్మా," అని మొదలుపెట్టారు. "పసిపిల్లలకి అంత వెలుతురెందుకని మొదట అదే అనుకున్నాను..."